మా అత్త కంపెనీకి కోరం లేని రోజు

ఆ రోజుల్లో నాకు బరువైన మాటలంటే ప్రాణం. బి.కాం. పూర్తిచేసి, కంపెనీ సెక్రటరీ చదువులో చేరి, సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసులో శిక్షణకు కుదిరిన కొత్త. పొద్దున లేచింది మొదలు నా నోట్లో ఈక్విటీ, లయబిలిటీ, డివిడెండ్ తప్ప మరో మాట ఉండేది కాదు. ఇంట్లో కూర వడ్డించే పని నాకప్పగిస్తే 'లాభంలో ముందు ప్రిఫరెన్స్ వాటాదారులకి, ఆ తర్వాతే ఈక్విటీ వాళ్లకి' అంటూ అమ్మకి ముందు వడ్డించి నాన్నని కూర్చోబెట్టేదాన్ని. (నాన్న మా ఇంటి ఈక్విటీ. గిన్నెలో మిగిలిందంతా ఆయనదే. బాగా మిగిలిన రోజు పండగ, మిగలని రోజు ఆవకాయ. ఈక్విటీ అంటే ఏమిటో ఆయనకి నేను పుస్తకం తెరవకుండానే నేర్పాను.) ఇప్పుడు అవే మాటలు రోజంతా నా కంప్యూటర్ తెర మీద వస్తూ పోతూ ఉంటాయి. ఒక్కదానికీ ఆ రుచి లేదు. 'కోరం ఉంది, మొదలుపెడదాం' అని ఎవరైనా అన్నప్పుడు మాత్రం నా మనసు అక్కడ నిలవదు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక మేడ మీది గదికి, అక్కడి ఇస్త్రీ వాసనకి, కొత్త బట్ట వాసనకి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి రమ్మంటే రాదు.

ఆ గది మా అత్త కంపెనీ. అత్త అంటే నాన్నకి అక్క. బళ్లో టీచరుగా చేసి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు, సైనిక్‌పురిలో ఉండేది. చర్చిలో స్త్రీల సమాజానికి ఎన్నేళ్ల నుంచి కార్యదర్శో ఆవిడకే గుర్తులేదు. ఆవిడ భాగస్వామి మాస్టర్ మామ. జనగామ వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి యాప్రాల్‌లో స్థిరపడ్డ టైలరింగ్ మాస్టరు. మాకు చుట్టమేమీ కాదు, ఆయన నమాజుకి వెళ్తే మేం చర్చికి వెళ్లేవాళ్లం. కానీ నేను పుట్టినప్పటి నుంచీ నా బట్టలన్నీ కుట్టింది ఆయనే కాబట్టి మామ అయ్యాడు. ఆయన అత్తని 'టీచరమ్మా' అనేవాడు, ఆవిడ ఆయన్ని 'మాస్టర్ గారూ' అనేది. వీళ్లిద్దరూ కలిసి బడి యూనిఫారాలు కుట్టించడం మొదలుపెట్టారు. ఒక పెద్ద స్కూలువాళ్లు కంపెనీకైతేనే ఆర్డరు ఇస్తామనడంతో రాత్రికి రాత్రి ప్రైవేట్ లిమిటెడ్ అయ్యారు. చెరి సగం వాటా, ఇద్దరూ డైరెక్టర్లు. లిమిటెడ్ అంటే ఏమిటో నేను గంటసేపు వివరిస్తే మామ చివరికి "దుకాణం మునిగితే దుకాణమే మునుగుతది, ఇల్లు మునగది. గంతే గదా బేటీ? గీ ముక్క ముందే చెప్తే రెండు నిక్కర్లు కుట్టేటోణ్ని" అన్నాడు.

చెరి సగం అయినప్పుడు ఇద్దరికీ మాట కుదరకపోతే ఎవరు తేల్చాలి? అందుకని అత్త ఇద్దరి వాటాలూ ముట్టుకోకుండా, కంపెనీ నుంచి కొత్తగా నాకు ఒకే ఒక్క షేరు ఇప్పించి సమావేశాలకి అధ్యక్షురాలిని చేసింది. ఆ ఒక్క షేరుతో నాకొచ్చిన ఠీవి అంతా ఇంతా కాదు. బస్సులో సీటు దొరక్కపోతే నిలబడి కూడా వాటాదారు లాగే నిలబడేదాన్ని. తీరా చూస్తే కంపెనీ చట్టం నాకన్నా అత్తకే బాగా పట్టుబడింది. నా లావుపాటి పుస్తకం అడిగి తీసుకుపోయి, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, ఆదివారం బళ్లో పిల్లలకి కంఠత వాక్యాలు నేర్పినట్టు సెక్షన్లు బట్టీపట్టేసింది. "నూట మూడు!" అనేది గుమ్మంలో నన్ను చూడగానే. నేను చెప్పులు విప్పుతూనే "కోరం! ప్రైవేట్ కంపెనీ సర్వసభ్య సమావేశానికి కనీసం ఇద్దరు సభ్యులు స్వయంగా హాజరై ఉండాలి" అని అప్పజెప్పాలి. తడబడితే టీ ఆలస్యం. "ఇద్దరుంటే చాలని మా సమాజంలో ఎప్పట్నుంచో ఉందే. మీ చట్టానికి ఇప్పుడు తెలిసిందా?" అని మూతి విరిచేది. (పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నేను రాసిన జవాబులో అత్త గొంతు వినిపించి ఉంటుంది, మార్కులు బాగానే పడ్డాయి.)

ఇక సమావేశాలు. చట్టం ఏడాదికి అడిగేవి కొన్నే. మా అత్త మాత్రం ప్రతి శనివారం పదకొండింటికి పెట్టేది, అదీ స్త్రీల సమాజం పద్ధతిలో. ముందు ప్రార్థన, తర్వాత హాజరు, తర్వాత పోయినసారి ఏం తేల్చామో రాసుకున్న మినిట్స్ చదవడం, ఆ తర్వాతే బొత్తాల సంగతి. ప్రార్థనలో కంపెనీకి సంబంధించిన ఎవరినీ వదిలేది కాదు. కుట్టుమిషన్లకి మరమ్మతులు రాకూడదని, కరెంటు పోకూడదని, నేను పరీక్ష గట్టెక్కాలని, మాస్టర్ గారి మోకాలి నొప్పి తగ్గాలని, వరసగా అన్నీ. మామ మెడలో టేపు సర్దుకుని, తలవంచుకుని, మర్యాదగా చివరిదాకా విని, మేం 'ఆమెన్' అన్నాక తనొక్కడే కాస్త ఆగి 'ఆమీన్' అనేవాడు. అది కూడా అయ్యాకే మినిట్స్. ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడితే అత్త ఒప్పుకునేది కాదు, అంతా అధ్యక్షురాలి ద్వారానే. ఎదురెదురుగా కూర్చుని ఆయన నాతో "బేటీ, టీచరమ్మకు చెప్పు, గీ నీలం రంగు ఉతికితే దిగుతది" అనేవాడు. ఆవిడ నాతో "మాస్టర్ గారికి చెప్పు, నాకు కళ్లున్నాయి" అనేది. మధ్యలో నేను, ఒక్క షేరుతో.

అలాంటి కంపెనీ ఒక్క మాటతో బీటలు వారింది. క్రిస్మస్‌కి ఆ పెద్ద స్కూలు పిల్లల పాటల బృందానికి తెల్లటి అంగీలు కుట్టాలి. కొలతలు చూడ్డానికి స్కూలు పెద్ద మేడమ్ ఒక పిల్లవాణ్ని వెంటబెట్టుకుని స్వయంగా మేడెక్కి వచ్చింది. మామ రంజాన్‌కని దాచుకునే జుబ్బా వేసుకుని, గడ్డం దువ్వుకుని నిలబడ్డాడు. మేడమ్ ఆయన వైపు చూసి ఎవరన్నట్టు కనుబొమలు ఎగరేసింది. అత్త ఆ తొందరలో "మా టైలర్ అండీ" అనేసింది. అంతే. మామ పిల్లవాడి భుజం కొలత పూర్తిచేసి, టేపు చుట్టి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. మెడలోంచి టేపు తీసి జేబులో పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అత్త ఫోన్ చేస్తే ఎత్తలేదు. సంగతేమిటో అత్తకి అర్థం కావడానికి నాలుగు రోజులు పట్టింది. అర్థమయ్యాక మొండితనం వచ్చింది. "టైలర్ని టైలర్ అనక కలెక్టర్ అంటారా? నన్ను టీచర్ అంటే నేను అలిగానా?" అంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు నా కళ్లలోకి చూడలేదు. అంగీలు సగం కత్తిరించి ఉన్నాయి, స్కూలు నుంచి రోజూ కబురు వస్తోంది. ఆవిడకి దిగులు ఎక్కువైన కొద్దీ కోపం ఎక్కువైంది, కోపం ఎక్కువైన కొద్దీ ఎర్ర పెన్సిలు బయటికి వచ్చింది.

ఒకరోజు గుమ్మంలో అడుగుపెట్టగానే "నూట అరవై తొమ్మిది!" అంది. విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కున్నాను. అది డైరెక్టర్ని తొలగించే సెక్షను. సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్ల ఓట్లలో సగానికన్నా ఎక్కువ పడితే చాలు, డైరెక్టర్ని తీసేయొచ్చు. అత్తకి సగం ఉంది. మిగతా సగం యాప్రాల్‌లో అలిగి కూర్చుంది. ఆయన రాకపోతే ఆవిడ ఓట్లే చాలు, వచ్చి కాదంటే తక్కెడ తూగేది నా ఒక్క షేరుతో. వాటా ఆయనదే ఉంటుంది, లాభమొస్తే డివిడెండూ వస్తుంది, కానీ ఆ గదిలో నిర్ణయాలు చేసే కుర్చీ ఇక ఆయనది కాదు. "పనికి రానివాళ్లకి కుర్చీ ఎందుకు?" అంది అత్త. నోటీసు తనే రాసింది, తెలుగులో, సమాజం ఉత్తరాల ఫక్కీలో. 'ప్రియమైన మాస్టర్ గారికి వందనములు. తమరు క్షేమమని తలంచుచున్నాను. తమరిని డైరెక్టరు పదవి నుండి తొలగించుటకు రాబోవు సమావేశమునకు తమరిని ప్రేమతో ఆహ్వానించుచున్నాము.' (నా వృత్తిలో ఇప్పటికి ఎన్నో తొలగింపు నోటీసులు చూశాను. ప్రేమతో పిలిచినది అదొక్కటే.)

గడువు గడిచి ఆ శనివారం వచ్చింది. పదకొండు అయింది. మామ రాలేదు. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, మినిట్స్ ముందు పెట్టుకుని కూర్చుంది. "ఇద్దరుంటే చాలు. నువ్వు, నేను. ప్రార్థన చేసుకుందాం, కళ్లు మూసుకో" అంది. నాకు కళ్లు మూసుకోబుద్ధి కాలేదు. మామ మిషను మీద గుడ్డ కప్పి ఉంది. నా మొదటి బడి గౌనుకి, నేను ఎదుగుతానని కింద మడత ఎక్కువ ఉంచి, ఏడాదికోసారి ఓపిగ్గా విప్పి మళ్లీ కుట్టిన మనిషి ఆయన. ఆయన లేని ఆ గది నాకు అక్కర్లేదు. ఏం చేయాలో తోచక లేచి, గడప దాటి, వరండాలో నిలబడ్డాను.

"ఎక్కడికే?" అంది అత్త.

"కోరం లేదత్తా. ఇద్దరు సభ్యులు స్వయంగా హాజరవ్వాలి. లోపల నువ్వొక్కదానివే ఉన్నావు."

"నువ్వు కళ్లెదురుగా ఉన్నావు కదే!"

"నేను గడప అవతల ఉన్నాను. సమావేశస్థలం ఆ గది అని నోటీసులో నువ్వే రాశావు."

అత్త పుస్తకం తిప్పింది, కళ్లజోడు మార్చింది, మళ్లీ తిప్పింది. గడప గురించి చట్టంలో ఏమీ లేదు. ఇంతలో కింద హోటలు నుంచి టీ వచ్చింది. అత్త రెండో కప్పు సరిగ్గా బల్ల మధ్యలో పెట్టి "లోపలికొచ్చి తాగు" అంది. నేను కదల్లేదు. అల్లం టీ, డిసెంబరు చలి, నాకు నోరూరిపోతోంది. కాసేపటికి ఉండబట్టలేక గడప మీదుగా వంగి చెయ్యి చాపాను. "చెయ్యి లోపలికొచ్చింది! కోరం!" అని అత్త గట్టిగా అరిచింది. చెయ్యి లాక్కున్నాను. "చెయ్యికి ఓటు లేదత్తా." అరగంట అలా గడిచింది. ఆవిడ లోపల, నేను బయట, మధ్యలో మీగడ కడుతున్న టీ. అరగంటలో కోరం కుదరకపోతే సమావేశం వచ్చేవారం అదే రోజుకి, అదే వేళకి, అదే చోటికి వాయిదా పడుతుంది. అత్త పళ్లు బిగించి మినిట్స్‌లో ఆ ముక్క రాసి, తలెత్తి మిగతా సగం అప్పజెప్పింది. "వాయిదా పడ్డ సమావేశానికి కూడా కోరం లేకపోతే, వచ్చినవాళ్లే కోరం. వచ్చేవారం నువ్వు గడప అవతల కాదు, బాల్కనీ అవతల నిలబడినా సరే." చట్టం నాకు ఒక్క వారమే ఇచ్చింది.

మర్నాడే యాప్రాల్ వెళ్లాను. మామ ఇంటి ముందు ఎండలో కూర్చుని పక్కింటివాళ్ల దిండు గలీబు కుడుతున్నాడు. "నన్ను తీస్తరంట గదా" అన్నాడు తలెత్తకుండా.

"నీ మాట వినకుండా తీయకూడదు మామా. నువ్వొచ్చి చెప్పుకునే హక్కు చట్టంలో ఉంది."

"నేనేం చెప్పాలె బేటీ? నేను టైలర్నే. మా నాయిన సుత టైలరే. దాంట్ల నాకు సిగ్గు లేదు." సూదిలో దారం ఎక్కించబోయి రెండుసార్లు తప్పాడు. "గని టీచరమ్మ నన్ను ఎన్నడు గట్ల అనలే. మాస్టర్ గారూ అంటది. గా పిలుపు కోసమే ఈ మోకాళ్లతోని రోజు గన్ని మెట్లు ఎక్కుత. పెద్ద మేడమ్ ముంగట గా పిలుపు ఏడ పాయె? నన్ను జెర సుత యాది జేస్కోలే."

"శనివారం వచ్చి ఇదే మాట చెప్పు."

"నేను రాను. ఆమెను పరేషాన్ చెయ్యకు, పో" అన్నాడు. పోతుంటే వెనక నుంచి "అంగీల మెడలు ఎవరు కుడుతున్నరు?" అని అడిగాడు. ఎవరూ కుట్టడం లేదన్నాను.

రెండో శనివారం నేను గడప లోపలే కూర్చున్నాను. బయట నిలబడి ప్రయోజనం లేదు. పదకొండు దాటింది. అత్త ముఖంలో గెలుపేమీ కనిపించలేదు, మాటిమాటికీ మెట్ల వైపే చూస్తోంది. అరగంట గడవనిచ్చింది. చివరికి "ప్రార్థన చేద్దాం" అని కళ్లు మూసుకుంది. మొదలైతే ఇక ఆవిడకి ఎజెండా ఉండదు, నోరు అలవాటు పడ్డ దారిన పోతుంది. మిషన్లకి మరమ్మతు రాకూడదంది, కరెంటు పోకూడదంది, పిల్ల పరీక్ష గట్టెక్కాలంది. అదే ఊపులో "మాస్టర్ గారి మోకాలి నొప్పి తీసివేయి తండ్రీ, చలికాలం ఆయన ఈ మెట్లు ఎక్కలేకపోతున్నారు" అనేసింది. అని, ఆగిపోయింది. ఆ రోజు ఆ గదిలో ఎవరిని తీసేయడానికి కూర్చున్నామో ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. నేను మెల్లగా 'ఆమెన్' అన్నాను. ఆవిడా అంది.

కాస్త ఆగి, మెట్ల మీద నుంచి, "ఆమీన్" అని వినిపించింది.

మామ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నెమ్మదిగా వచ్చి, తన కుర్చీలో కూర్చుని, జేబులోంచి టేపు తీసి మెడలో వేసుకున్నాడు. అత్త నా వైపు తిరిగి, కళ్లు తుడుచుకోకుండానే, "అధ్యక్షురాలు నమోదు చేసుకోవాలి. కోరం ఉంది" అంది. మినిట్స్ పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేసి నా ముందుకి తోసింది. చివరికి "ఆ రోజు మేడమ్ ముందు నేనన్న మాట మినిట్స్‌లోంచి కొట్టెయ్యి" అంది.

"ఆ మాట మినిట్స్‌లో లేదత్తా. అది సమావేశం కాదుగా."

"అయితే రాసి కొట్టెయ్యి."

రాశాను. కొట్టేశాను. తొలగింపు తీర్మానాన్ని ఎవరైనా బలపరుస్తున్నారా అని పద్ధతి ప్రకారం అడిగాను. ఎవరూ పలకలేదు. "ఎవ్వరు లేకుంటే నేనే చేస్తనమ్మా, పాపం టీచరమ్మ గింత కష్టపడి రాసింది" అన్నాడు మామ. అత్త నవ్వాపుకోలేకపోయింది. నేను గబగబా తీర్మానం వీగిపోయిందని ప్రకటించేశాను. ఆ తర్వాత అంగీల మెడలు గుండ్రంగా ఉండాలా, పట్టీ వేయాలా అని ఇద్దరూ నా ద్వారా మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నారు. నాకు ఆకలేసింది. అయినా ఆ పోట్లాట ఆగకూడదనే అనిపించింది. క్రిస్మస్ ముందు అంగీలు అందుకోవడానికి పెద్ద మేడమ్ వచ్చినప్పుడు అత్త లేచి నిలబడి "వీరు మా డైరెక్టర్, మాస్టర్ గారు" అని అక్షరం అక్షరం పలికింది. మామ సిగ్గుపడి మిషను వెనక్కి వెళ్లిపోయాడు.

అత్త పోయి కొన్నేళ్లయింది. ఒక వర్షాకాలం జ్వరంతో పడుకుని, ఇక లేవలేదు. ఆవిడ వాటా నాకు వచ్చింది. రెడీమేడ్ యూనిఫారాలు వచ్చాక ఆర్డర్లు తగ్గాయి, మామకి చూపు తగ్గింది. కంపెనీ మూసేయడానికి చివరి సమావేశం పెట్టాల్సి వచ్చింది. శనివారం పదకొండింటికే పెట్టాను. మామ ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. నేను కాగితాలు తీస్తుంటే "జెర ఆగు బేటీ. అరగంట చూద్దాం" అన్నాడు.

"ఇద్దరం ఉన్నాం కదా మామా. కోరం ఉంది."

"నాకెర్కే. అయినా ఆగుదాం."

ఆగాం. టీ తెప్పించుకున్నాం. అత్త కుర్చీ వైపు ఇద్దరమూ చూడలేదు. అరగంట అయ్యాక "ఇగ షురూ చెయ్యి. ప్రార్థన సుత నువ్వే చెయ్యాలె" అన్నాడు. నాకు అత్త లాగా రాదు. అయినా మిషన్లకని, కరెంటుకని, ఆవిడ వరసలోనే చేసుకుంటూ వచ్చాను, మోకాలి నొప్పి దగ్గర ఆగిపోయాను. మామ కాస్త ఆగి, మిగిలింది తనే పూర్తి చేసినట్టు, 'ఆమీన్' అన్నాడు. మినిట్స్‌లో 'కోరం ఉన్నందున సమావేశం ప్రారంభమైనది' అని రాశాను. చట్టప్రకారం అందులో ఒక్క తప్పు లేదు. అంత అబద్ధం మాత్రం నేనెప్పుడూ రాయలేదు.

ఇప్పుడు ఎక్కడ కోరం మాట విన్నా నాకు ఆ వరండా గుర్తొస్తుంది. చలికి చేతులు కట్టుకుని, ఒక్క షేరు అతిశయంతో, గడప అవతల మొండిగా నిలబడ్డ ఆ పిల్లని చూస్తే నవ్వొస్తుంది. చట్టాన్ని గెలిచాననుకుంటోంది పిచ్చిది. వెనకనుంచి వెళ్లి దాని భుజం తట్టి చెప్పాలనిపిస్తుంది. ఒసే, మామ ఎలాగూ వస్తాడు, నువ్వు లోపలికి పో. అత్త పిలుస్తోంది, టీ చల్లారిపోతోంది.